ఫేడర్ నీ చేతిలో ఉంది, ఆయన చేతిలో లేదు

ప్రశ్న:

అక్కా, నేను 9 ఏళ్ళ నుంచి రేడియోలో ఆర్‌జేని. మార్నింగ్ షో నాది. గొప్పలు చెప్పుకోవడం కాదు గానీ మా స్టేషన్‌లో ఎక్కువమంది వినేది నా షోనే. పోయిన నెల ఒకరోజు అమ్మల గురించి టాపిక్ పెట్టి లైవ్ కాల్స్ తీసుకున్నా. మర్నాడు ఒక పెద్దాయన షో నంబర్‌కి మెసేజ్ పెట్టారు, ఉన్నదున్నట్టు ఇస్తున్నా: "అమ్మా, నిన్న ఒకావిడ వాళ్ళమ్మ ఆఖరి రోజుల గురించి చెప్తూ గొంతు పూడుకుపోయి ఆగింది. మీరు రెండు సెకన్లు కూడా ఆగకుండా జోక్ వేసి పాట పెట్టేశారు. ఈమధ్య ఎవర్నీ మాట పూర్తి చెయ్యనివ్వట్లేదు. మాట్లాడటానికి పిలిచి మాట్లాడనివ్వకపోతే ఎలా? మీ షోతోనే నాకు తెల్లారుతుంది కాబట్టి చెప్తున్నా, వేరేగా అనుకోకండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాటి షోలో ఆ మెసేజ్‌ని ముసలి గొంతు పెట్టి చదివా, వెనకాల ఏడుపు వయొలిన్ వేశా, ఆయన పేరు కూడా చెప్పేశా. ఆ రోజంతా సూపర్ కౌంటర్ ఇచ్చావని మెసేజులే మెసేజులు. రెండ్రోజులకి సీన్ మారిపోయింది. పెద్దాయన్ని అలా ఏడిపిస్తారా అని ఒకరు మొదలెట్టారు, ఇక వరసపెట్టి అందరూ అదే. నేనూ తగ్గలేదు, రోజూ లింకుల్లో, అంటే పాటల మధ్య మాట్లాడే ముక్కల్లో, ఎక్కడో ఒకచోట చురక వేస్తూనే ఉన్నా. తర్వాత నా గొంతు బాలేదు, నవ్వు భరించలేకపోతున్నాం, ళ పలకడం రాదు, ఇంట్లో కూర్చోక నీకెందుకు ఇవన్నీ, ఇలా తయారైంది. 40 మందిని బ్లాక్ చేశా. మా ప్రోగ్రామింగ్ హెడ్ వారం రోజులు లీవ్ తీసుకోమన్నారు. కన్‌స్ట్రక్టివ్ క్రిటిసిజం అయితే నాకేం ప్రాబ్లం లేదక్కా, కానీ ఇది ఒట్టి నెగిటివిటీ. స్కిన్ థిక్ చేసుకోవడం ఎలా? వీళ్ళని హ్యాండిల్ చెయ్యడం ఎలా?

పేరు రాయొద్దు

సమాధానం:

అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమనుకోకు.

ముందు ఒక విషయంలో నీకు థ్యాంక్స్ చెప్పాలి, ఆయన మెసేజ్‌ని మార్చకుండా పంపావు చూడు, అందుకు. మామూలుగా నాకొచ్చే ఉత్తరాల్లో అవతలివాళ్ళ మాట ఉండదు, "ఎంత మాటన్నారో తెలుసా" అని మాత్రం ఉంటుంది, ఏమన్నారో నేనే ఊహించుకోవాలి. నువ్వు కూడా "ఒకాయన తిట్టాడు" అని ఒక్క ముక్క రాసి ఊరుకుని ఉంటే నేను హాయిగా నీ పక్షాన నిలబడి నాలుగు ధైర్యం మాటలు చెప్పి పంపేసేదాన్ని. ఇప్పుడు కుదరదు. ఎందుకంటే ఆ మెసేజ్‌లో తిట్టు లేదు. వెతికాను, లేదు. ఏ రోజు, ఏ కాల్, అక్కడ ఏం జరిగింది అన్నీ ఉన్నాయి, చివర్లో నీ షోతోనే తెల్లారుతుందని కూడా ఉంది. కన్‌స్ట్రక్టివ్ అయితే ప్రాబ్లం లేదన్నావు, మరి ఇది కాకపోతే ఇంకేది తల్లీ? ఇంతకంటే మర్యాదగా ఎవరైనా ఎలా రాస్తారు?

కోపం ఎందుకొచ్చిందో నీకు తెలుసనే అనుకుంటున్నా. ఆయన "మీరు అసలు పాటలే వెయ్యరు" అని రాసుంటే నవ్వుకుని పక్కన పెట్టేదానివి, ఎందుకంటే అది అబద్ధం. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అని ఊరికే అనలేదు. ఆ కాల్‌లో ఏం చేశావో నీకు అప్పుడే ఎక్కడో గుచ్చుకుని ఉంటుంది, గుచ్చుకున్నచోటే ఆయన వేలు పెట్టాడు.

అయినా నీకు నొప్పి కలగడం తప్పని నేను అనట్లేదు, అది మాత్రం పొరపాటుగా తీసుకోకు. వంద మంది బాగుందన్నా ఒక్కడు బాలేదన్నది రాత్రి పడుకునేటప్పుడు గుర్తొస్తుంది, ఇది నీ ఒక్కదాని జబ్బు కాదు. 2001 లో రాయ్ బౌమైస్టర్ అనే సైకాలజిస్టు ఇంకో ముగ్గురితో కలిసి అప్పటిదాకా జరిగిన రీసెర్చ్ చాలా పోగేసి చూసి తేల్చింది ఇదే, మంచి కంటే చెడు బలంగా తగులుతుందని, పొగడ్త కంటే విమర్శ ప్రభావం ఎక్కువని. మనుషులందరికీ ఇంతే. నొప్పి నీ చేతిలో లేదు. నొప్పికీ మైక్‌కీ మధ్య ఎంత దూరం ఉండాలన్నది నీ చేతిలో ఉంది, నువ్వు ఆ దూరమే లేకుండా చేసుకున్నావు.

మీ స్టేషన్‌లో ఉందో లేదో గానీ లైవ్ కాల్స్ తీసుకునే చోట చాలాసార్లు ఏడు సెకన్లో పది సెకన్లో డిలే పెడతారు కదా, కాలర్ ఎవరైనా బూతు మాట్లాడితే డంప్ బటన్ నొక్కేస్తే బయటికి వెళ్ళకుండా. నీకు తెలియనిది కాదు. తమాషా ఏంటంటే కాలర్ నోటికి ఏడు సెకన్ల కాపలా పెట్టారు గానీ ఆర్‌జే నోటికి ఎవరూ పెట్టలేదు. అది నువ్వే పెట్టుకోవాలి, అది కూడా ఏడు సెకన్లు చాలదు, ఒక రోజన్నా కావాలి. మెసేజ్ వచ్చిన మర్నాడే చదివానన్నావు, మధ్యలో ఒక రాత్రి ఉంది నిజమే, కానీ ఆ రాత్రంతా నువ్వు చల్లారలేదు, ఏ వయొలిన్ పెడితే బాగుంటుందా అని వెతికావు. మ్యూజిక్ బెడ్ సెలెక్ట్ చేసుకుని మరీ తిట్టినదాన్ని కోపంలో నోరు జారానని అనలేం కదా.

ఇప్పుడు నేను నిజంగా చెప్పాలనుకున్నది చెప్తా. దీనికి నా సొంత సిగ్గుమాలిన కథ ఒకటి ఉంది. ఇలాంటి శీర్షిక నేను రాయడం మొదలుపెట్టిన రెండో ఏడో మూడో ఏడో, భర్త పోయిన ఒకావిడకి నేనొక సమాధానం రాశాను. దాని మీద ఇంకో పాఠకురాలు ఉత్తరం రాసింది, "మీరు ఆవిడ బాధ వినలేదు, ఉపన్యాసం ఇచ్చారు" అని. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తర్వాతి సంచికలో ఆ ఉత్తరం అచ్చేసి కింద వెటకారంగా అరపేజీ జవాబు రాశా. చాలామంది మెచ్చుకున్నారు, బాగా పెట్టారు గడ్డి అని. మా ఎడిటర్ మాత్రం మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు, నా టేబుల్ దగ్గరికొచ్చి "ఆవిడకి పేజీ లేదు, నీకుంది" అని వెళ్ళిపోయారు. నాకు అప్పుడు అర్థం కాలేదు, నిజం చెప్పాలంటే ఇంకా కోపమొచ్చింది. ఆ పాఠకురాలు మళ్ళీ ఎప్పుడూ రాయలేదు. ఒక ఏడాది తర్వాత ఆ పాత సమాధానం మళ్ళీ చదివితే నిజంగానే ఉపన్యాసంలా ఉంది. ఆవిడకి చెబుదామంటే అడ్రస్ కూడా లేదు.

నీ సంగతీ అదే. నువ్వు ఆయనకి "కౌంటర్" ఇచ్చానంటున్నావు, కౌంటర్ అంటే ఇద్దరికీ చెరో మైక్ ఉండాలి. ఆయనకి ఉన్నది ఫోన్‌లో ఒక మెసేజ్, నీకున్నది ట్రాన్స్‌మిటర్. ఆయన చెప్పింది ఒక్క నీకు, నువ్వు చెప్పింది ఊరందరికీ. ఆయన గొంతు నువ్వే పెట్టావు, ఏ మాట దగ్గర నవ్వాలో నువ్వే డిసైడ్ చేశావు, ఫేడర్, అదే సౌండ్ పెంచి దించే ఆ మీట, ఎప్పుడు దించాలో కూడా నువ్వే. బీబీసీ రేడియో 4 లో ఫీడ్‌బ్యాక్ అని ఒక ప్రోగ్రాం ఉంది, 1979 లో మొదలైంది, శ్రోతల కంప్లైంట్లు తీసుకుని ఆయా ప్రోగ్రాంలు చేసినవాళ్ళనే పిలిచి అడుగుతారు. అందులో నాకు నచ్చేది ఏంటంటే, కంప్లైంట్ ఎవరి మీద వచ్చిందో వాళ్ళ చేతిలో ఆ పూట షో ఉండదు, ఇంకొకరు నడుపుతారు, వీళ్ళు వచ్చి కూర్చుని జవాబు చెప్పుకోవాలి. వాళ్ళు కూడా చాలాసార్లు మేం చేసింది కరెక్టే అని సమర్థించుకునే వెళ్తారులే, మనుషులే కదా. కానీ ఫిర్యాదు చేసినవాళ్ళ మాట మాత్రం ముసలి గొంతులో వినపడదు.

నీ లిజనర్స్‌కి ఇంత కోపం ఎందుకొచ్చిందో కూడా చూడు. వాళ్ళకి ఆ పెద్దాయన ఎవరో తెలియదు, ఆ కాల్ చాలామంది విని కూడా ఉండరు. కానీ రేడియో వినేవాడు నిన్ను మనిషిలా వింటాడు, యాడ్‌లా వినడు. 1956 లో డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అని ఇద్దరు దీని మీదే ఒక వ్యాసం రాశారు, రేడియోలో టీవీలో రోజూ మాట్లాడే మనిషితో వినేవాళ్ళకి ఒక రకమైన స్నేహం ఏర్పడుతుందని, అది ఒకవైపు నుంచే నడుస్తుందని, అయినా వినేవాళ్ళకి అది ఉత్తుత్తిదిగా అనిపించదని. దానికి పారాసోషల్ అని పేరు పెట్టింది వాళ్ళే. నువ్వు 9 ఏళ్ళు కష్టపడి కట్టింది అదే కదా, గుడ్ మార్నింగ్ చెప్తే నాకే చెప్తోంది అని ప్రతివాడూ అనుకునేలా. అలాంటప్పుడు ఒక శ్రోతని పేరు పెట్టి వెక్కిరిస్తే ఆ మాట కూడా ప్రతివాడికీ తనని అన్నట్టే తగులుతుంది. రేపు నేనేదైనా రాస్తే నా గొంతు కూడా ఇలాగే పెడుతుంది కాబోలు అనుకుంటారు. గుడ్ మార్నింగ్ తనకే అనుకున్నవాడు వెటకారం మాత్రం పక్కింటాయనకి అని ఎందుకు అనుకుంటాడు?

ఆ మొదటి రోజు మెచ్చుకున్నవాళ్ళ సంగతి. అది చూసే నువ్వు మోసపోయావు, అందరూ మోసపోతారు. 2008 అక్టోబర్‌లో బీబీసీ రేడియో 2 లో జరిగింది విన్నావో లేదో. రస్సెల్ బ్రాండ్ షోకి జోనాథన్ రాస్ గెస్ట్‌గా వచ్చాడు, ఇద్దరూ కలిసి ఆండ్రూ శాక్స్ అనే 78 ఏళ్ళ నటుడికి ఫోన్ చేసి, ఆయన ఎత్తకపోతే వాయిస్ మెసేజుల్లో ఆయన మనవరాలి గురించి అసభ్యంగా వాగారు, పగలబడి నవ్వుకుంటూ. అది లైవ్ కూడా కాదు, ముందే రికార్డ్ చేసింది, అయినా వెళ్ళిపోయింది. ప్రసారమైన వెంటనే వచ్చిన కంప్లైంట్లు ఎన్నో తెలుసా, రెండు. అవి కూడా ఆ మెసేజుల గురించి కాదంట, బ్రాండ్ వాడిన భాష గురించంట. తర్వాత ఒక పేపర్ దీని గురించి రాసింది, దాంతో కంప్లైంట్లు 40,000 దాటాయి, బ్రాండ్ షో వదులుకున్నాడు, రేడియో 2 కంట్రోలర్ రాజీనామా చేశారు, రాస్‌ని 12 వారాలు జీతం లేకుండా కూర్చోబెట్టారు, మరుసటి ఏడు అక్కడ ప్రసారాల మీద నిఘా పెట్టే సంస్థ ఆఫ్‌కామ్ బీబీసీకి 1,50,000 పౌండ్ల ఫైన్ వేసింది. నీది అంత ఘోరం కాదు, అక్కడికీ ఇక్కడికీ పోలిక లేదు. కానీ స్టూడియోలో అద్దం అవతల ప్రొడ్యూసర్ నవ్వుతుంటే, ఫోన్‌లో మెసేజులు టింగు టింగుమంటుంటే, ఎక్కడో ఒక పెద్దాయన రేడియో ముందు కూర్చుని తన పేరు తను వింటున్నాడన్న సంగతి మనసుకి తట్టదు. అక్కడా తట్టలేదు, ఇక్కడా తట్టలేదు.

సరే, ఇంతసేపూ నిన్నే అన్నాను, ఇప్పుడు నీ వైపు. నువ్వు అన్నిటినీ కలిపి నెగిటివిటీ అని ఒకే సంచీలో వేసేశావు, అక్కడ నీకు నువ్వే అన్యాయం చేసుకుంటున్నావు. కాలర్స్‌ని మాట్లాడనివ్వట్లేదు అనేది పని గురించి. పెద్దాయన్ని ఏడిపించావు అనేది నువ్వు చేసిన ఒక పని గురించి. నీ నవ్వు నచ్చలేదు అనేది వాళ్ళ టేస్ట్, దానికి నువ్వు చెయ్యగలిగింది ఏమీ లేదు, చెయ్యకూడదు కూడా, ఆ నవ్వుతోనే 9 ఏళ్ళు నడిచింది. ఇంట్లో కూర్చోక నీకెందుకు అనేది విమర్శే కాదు, అది రాసినవాడికి నీ షోతో పని లేదు, సందు దొరికింది కాబట్టి దూరాడు. గొడవ జరిగిన చోట ఇలాంటివాళ్ళు ఎప్పుడూ చేరతారు. ఎద్దు పుండు కాకికి ముద్దు అన్నట్టు.

ఆడగొంతు మీద ఈ చిరాకు రేడియో పుట్టినప్పట్నుంచీ ఉంది. 1933 లో బీబీసీ షీలా బోరెట్ అనే ఆవిడని అనౌన్సర్‌గా పెట్టింది, నేషనల్ ప్రోగ్రాంలో ఆ పని చేసిన మొదటి మహిళ ఆవిడే. మూడు నెలలకే తప్పించేశారు. వేలల్లో ఉత్తరాలొచ్చాయంట, ఆడగొంతులో వార్తలు వినలేమని, పైగా రాసినవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువంట. వేల ఉత్తరాలూ తప్పే. ఆవిడ పని బాలేదని కాదు, ఆవిడ ఆవిడ కావడమే వాళ్ళకి నచ్చలేదు. అక్కడ వేలమంది చెప్పింది తప్పు, నీ దగ్గర ఒక్కాయన చెప్పింది ఒప్పు. కాబట్టి ఎంతమంది అన్నారు అన్న లెక్క పక్కన పెట్టు, ఏమన్నారో చూడు. ఒకే పేరాలో బూతూ ఉండొచ్చు పనికొచ్చే ముక్కా ఉండొచ్చు, కానీ బూతు ఉన్నప్పుడు అందులో పనికొచ్చేది వెతుక్కునే బాధ్యత నీకు లేదు, వదిలెయ్. బ్లాక్ చేసినందుకు గిల్టీగా ఫీలవ్వకు. బెదిరింపులు ఏవైనా ఉంటే మాత్రం డిలీట్ చెయ్యొద్దు, స్క్రీన్‌షాట్లు తీసి స్టేషన్‌వాళ్ళకి రాతపూర్వకంగా ఇవ్వు, అవసరమైతే పోలీసు కంప్లైంట్ వాళ్ళే ఇవ్వాలి, ఆ మాట నువ్వే అడుగు. అయితే ఆ 40 మందీ బూతులు తిట్టినవాళ్ళేనా? నాకు నమ్మకం లేదు. సగం మంది "అలా చెయ్యకుండా ఉండాల్సింది" అని మాత్రమే అని ఉంటారు. లీవ్‌లో ఉన్నావు కదా, ఒక పూట కూర్చుని ఆ లిస్ట్ తిరగెయ్, తిట్టనివాళ్ళని అన్‌బ్లాక్ చెయ్. వాళ్ళకి మెసేజ్ పెట్టక్కర్లేదు, తలుపు తీసి ఉంచితే చాలు.

అన్నట్టు, ళ సంగతి. అది టేస్ట్‌లోకి రాదమ్మా, పనిలోకే వస్తుంది. "కల్లు" తెరిచి చూశాను అని రేడియోలో అంటే పొద్దున్నే ఆ మాటకి అర్థం ఎక్కడికి పోతుందో నీకు నేను చెప్పాలా. పది రోజులు రోజూ ఓ పది నిమిషాలు గట్టిగా చదివితే వచ్చేస్తుంది. తిట్టినవాడు వెధవే కావచ్చు, ళ మాత్రం ళ నే.

ఇప్పుడు అసలు పని, కాలర్స్‌ని ఎందుకు కట్ చేస్తున్నావు అన్నది. నువ్వు దుర్మార్గురాలివి కాబట్టి కాదు. రేడియోలో పనిచేసిన వాళ్ళందరికీ మొదటిరోజు నుంచి ఎక్కించే భయం ఒకటుంది కదా, డెడ్ ఎయిర్. నిశ్శబ్దం వస్తే వినేవాడు స్టేషన్ మార్చేస్తాడని. దానికి తోడు ఎదురుగా గడియారం, యాడ్ బ్రేక్ ఇన్ని నిమిషాలకి పడాలి, లింక్ ఇంతలోపు అవ్వాలి. ఇన్నేళ్ళు ఇలా పరిగెడితే చెయ్యి దానంతటదే ఫేడర్ మీదకి పోతుంది. ఆవిడ గొంతు పూడుకుపోయి ఆగింది, నీ చెవికి అది డెడ్ ఎయిర్‌లా వినపడింది, జోక్ వేసి నింపేశావు. వినేవాళ్ళకి మాత్రం ఆ పొద్దుటి షో మొత్తంలో నిజమైన క్షణం అదొక్కటే. మనిషి ఏడుపు ఆపుకుంటూ ఆగిన మూడు సెకన్లకి స్టేషన్ ఎవరూ మార్చరు, నువ్వు కారు నడుపుతున్నా వాల్యూమ్ పెంచుతావు.

అందుకే ఆ రోజు రికార్డింగ్ తెప్పించుకుని విను. ఎయిర్‌చెక్ అంటారు కదా మీరు, కొత్తలో వారం వారం కూర్చోబెట్టి వినిపించి ఉంటారు, షో హిట్ అయ్యాక ఎవరూ వినిపించి ఉండరు. రేటింగ్ బాగున్నన్నాళ్ళూ తప్పు చెప్పే సాహసం ఎవడూ చెయ్యడు, అది మీ హెడ్ తప్పు కూడా, ఆయనతో మాట్లాడినప్పుడు ఆ మాట అను, కోపంగా కాదు, ఇకనుంచి నెలకోసారి కూర్చుందామని అడుగు. ముందు మాత్రం ఒక్కదానివే విను. స్టాప్‌వాచ్ పెట్టుకుని ఒక్కో కాలర్‌కీ నువ్వు మాట్లాడినది ఎన్ని సెకన్లు, వాళ్ళు మాట్లాడినది ఎన్ని సెకన్లు, ఎన్నిసార్లు వాళ్ళ మాట మధ్యలో నీ మాట పడింది, కాగితం మీద రాయి. ఇంకో రెండు మూడు రోజుల షోలు కూడా తీసుకో, ఒక్కరోజుతో తేల్చకు. ఒకవేళ లెక్క నీకే అనుకూలంగా వస్తే, అంటే పెద్దాయన కాస్త ఎక్కువ చేసి చెప్పాడని తేలితే, సంతోషం, అప్పుడు కూడా ఆ ఒక్క కాల్ సంగతి మాత్రం మిగులుతుంది.

వినడం కష్టంగానే ఉంటుంది. మొట్టమొదటిసారి నీ గొంతు రికార్డింగ్‌లో విన్నప్పుడు ఇది నేనేనా అనిపించింది గుర్తుందా? మన గొంతు మనకి గాల్లోంచే కాదు పుర్రె ఎముకల్లోంచి కూడా వినిపిస్తుంది, ఎముకల్లోంచి వచ్చేసరికి కాస్త లోతుగా, నిండుగా ఉంటుంది, రికార్డింగ్‌లో అది ఉండదు, ఒట్టి గాలిలోది మాత్రమే ఉంటుంది, అందుకే పల్చగా, పరాయిగా అనిపిస్తుంది. మిగతా లోకమంతా వినేది మాత్రం ఆ పల్చటి గొంతునే. నీ షో కూడా అంతే, నువ్వు ఎముకల్లోంచి వింటున్నావు, నీ ఉద్దేశాలు, నీ టెన్షన్, గడియారం, అన్నీ కలిపి. ఆయన గాల్లోంచి విన్నాడు, ఒకావిడ ఆగింది, నువ్వు జోక్ వేశావు, పాట వచ్చింది, ఆయనకి ఉన్నది అంతే.

దిద్దుకోవడం పెద్ద విద్య కాదు. కాలర్‌ని లైన్‌లో పెట్టినప్పుడే ఆఫ్ ఎయిర్‌లో "మనకి రెండు నిమిషాలుందండీ, ముఖ్యమైనది ముందు చెప్పండి" అను. బరువైన టాపిక్ అయితే లైవ్ ఎందుకు, పాట నడుస్తుండగా కాల్ రికార్డ్ చేసుకుని, ఎడిట్ చేసి వెయ్యి, అందరూ చేసేదే కదా. ఎవరైనా ఆగితే మనసులో మూడు లెక్కపెట్టు. అప్పటికీ రాకపోతే "నేను ఇక్కడే ఉన్నానండీ" అంటే చాలు, జోక్ అక్కర్లేదు.

వెళ్ళిన రోజు ఆన్ ఎయిర్‌లో సారీ చెప్పాలి, తప్పదు, ఎందుకంటే వెక్కిరించింది ఆన్ ఎయిర్‌లోనే. చిన్నదిగా చెప్పు. "పోయిన నెల ఒక శ్రోత నాకు మర్యాదగా ఒక తప్పు చూపించారు. నేను దాన్ని వెటకారం చేశాను, ఆయన పేరు కూడా చెప్పాను. అది తప్పు, ఆయనకి సారీ చెప్తున్నాను." ఇక పాట. "ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే" అని మొదలెట్టకు, నొచ్చుకుందో లేదో తెలియనట్టు మాట్లాడటం అది. "ఆ వారం నేను చాలా స్ట్రెస్‌లో ఉన్నా" అనొద్దు, ఉన్నా సరే. ఏడవొద్దు, వెనకాల మ్యూజిక్ పెట్టొద్దు, ముఖ్యంగా దాన్ని క్లిప్ కట్ చేసి రీల్‌గా వెయ్యొద్దు, మీ డిజిటల్ టీమ్ కచ్చితంగా అడుగుతుంది, వద్దను. ఆయన్ని స్టూడియోకి పిలిచి శాలువా కప్పే ఐడియా కూడా ఎవరో ఒకరు ఇస్తారు, అదీ వద్దు. ఒకసారి ఆయన్ని అడగకుండా కామెడీకి వాడుకున్నావు, ఇంకోసారి సెంటిమెంట్‌కి వాడుకోకు. పర్సనల్‌గా ఫోన్ చేసి చెప్పు, స్పీకర్ ఆఫ్ చేసి, పక్కన ఎవరూ లేకుండా. ఆయన తిడితే విను. ఎత్తకపోతే ఒక మెసేజ్ పెట్టి వదిలెయ్, పదే పదే చేసి క్షమించమని పీడించకు.

తర్వాత కొన్నాళ్ళు షో ఫోన్ ప్రొడ్యూసర్ దగ్గర ఉండనీ. పాట నడిచే నాలుగు నిమిషాల్లో మెసేజులు చదివి, ఎర్రబడ్డ మొహంతో మైక్ ఆన్ చేస్తే ఎవరికైనా నోరు జారుతుంది. షో అయ్యాక, టిఫినో కాఫీయో కడుపులో పడ్డాక, ప్రొడ్యూసర్ ఏరి ఇచ్చినవి చదువు, జవాబు మర్నాడు.

స్కిన్ థిక్ చేసుకోవడం ఎలా అన్నావు, అది మాత్రం నేను చెప్పను. నీకు చర్మం మందం అయితే కాలర్ గొంతులో వణుకు నీకు తెలియడం ఇంకా తగ్గుతుంది, ఇప్పుడు వచ్చిన కంప్లైంటే అది.

ఇంకో మాట. నీ ఉత్తరంలో నువ్వున్నావు, పెద్దాయన ఉన్నాడు, మెచ్చుకున్నవాళ్ళు, తిట్టినవాళ్ళు, మీ హెడ్, అందరూ ఉన్నారు. వాళ్ళమ్మ గురించి చెప్తూ ఆగిపోయిన ఆవిడ ఏమైందో ఒక్క ముక్క లేదు. నెల రోజులుగా ఇంత గొడవ ఆవిడ చుట్టూనే జరిగింది, నిన్ను తిట్టినవాళ్ళు కూడా ఆవిడ సంగతి అడిగినట్టు లేదు. ఆవిడ నంబర్ మీ కాల్ లాగ్‌లో ఉంటుంది. పెద్దాయనకి తర్వాత చేద్దువుగానీ, ముందు ఆవిడకి చెయ్. ఆ రోజు ఏం చెప్పబోయారో అడుగు, చెప్తానంటే ఈసారి చివరిదాకా విను.